స్క్రీన్ మీద ఒక కోడ్.. మెమరీలో ఇంకో కోడ్! రాత్రి వచ్చిన ఆన్సర్ పొద్దున ఎందుకు రాదు?

రాత్రి పదకొండింటికి కోడ్ రన్ చేశారు. ఆన్సర్ వచ్చింది. ల్యాప్‌టాప్ మూసేసి పడుకున్నారు. పొద్దున కాలేజీలో సార్ ముందు అదే కోడ్ ఓపెన్ చేసి రన్ నొక్కితే.. ఎర్ర అక్షరాల్లో ఎర్రర్! మధ్యలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. మరి ఏమైంది?

పైథాన్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే ప్రశ్న ఇది. గుంటూరు బ్రాడీపేట హాస్టల్ గదిలో ఉన్న బీటెక్ స్టూడెంట్‌కైనా, అమెరికాలో డేటా సైంటిస్ట్‌గా చేస్తున్న సీనియర్‌కైనా తేడా లేదు. చాలామంది నెట్‌ను తిట్టుకుంటారు, లేదంటే ల్యాప్‌టాప్‌ను. కానీ తప్పు వాటిది కాదు. స్క్రీన్ మీద మనకు కనిపించే కోడ్ వేరు, కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న కోడ్ వేరు. ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో చూసుకోకపోవడమే అసలు సమస్య.

ఇంటరాక్టివ్ అంటే ఏంటి?

సి లాంగ్వేజ్‌లో ప్రోగ్రామ్ మొత్తం ఫైల్‌లో రాసి, కంపైల్ చేసి, అప్పుడు రన్ చేస్తాం. రన్ చేసిన ప్రతిసారీ మొదటి నుంచే మొదలవుతుంది. నిన్నటి సంగతి దానికి గుర్తుండదు.

పైథాన్, ఆర్, జూలియా, లిస్ప్ లాంటి వాటితో మాత్రం మాట్లాడుతున్నట్టే పనిచేయొచ్చు. ఒక లైన్ టైప్ చేస్తే వెంటనే జవాబు ఇస్తుంది, తర్వాతి లైన్ కోసం ఎదురుచూస్తుంది. చదవడం, లెక్క చేయడం, చూపించడం, మళ్లీ మొదటికి రావడం. దీన్నే రెప్ల్ అంటారు. ఇందులో మనం చెప్పిన ప్రతి పేరునూ, దానికిచ్చిన అర్థాన్నీ సెషన్ మూసేదాకా అది గుర్తుపెట్టుకుంటుంది. ఇలా ఒక పేరుకు అర్థం చెప్పడమే డెఫినిషన్. జూపిటర్ నోట్‌బుక్, గూగుల్ కొలాబ్ కూడా లోపల ఇవే. కాకపోతే కోడ్‌ను సెల్స్ అనే గళ్లలో రాసుకుంటాం, ఏ గడిని ఎప్పుడు రన్ చేయాలన్నది మన ఇష్టం.

ఆ 'మన ఇష్టం' దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది.

మిర్చి లెక్కతో చూద్దాం

గుంటూరు వాళ్లకు మిర్చి యార్డు లెక్క కొత్తేం కాదు. ప్రాజెక్ట్ కోసం ఒక స్టూడెంట్ రైతుకు వచ్చే సొమ్ము లెక్కగట్టే కోడ్ రాస్తున్నాడనుకుందాం. 30 టిక్కీలు, ఒక్కోటి 45 కిలోలు, క్వింటా ధర 12,000 రూపాయలు. (ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలే, యార్డు రేట్లు కావు.)

మొదటి సెల్‌లో 'నికరం' అనే ఫంక్షన్ రాశాడు. టిక్కీల సంఖ్యను బరువుతో గుణించి ఇస్తుంది. పైథాన్ 3లో ఇలా తెలుగు పేర్లు పెట్టినా కోడ్ నడుస్తుంది, చాలామంది ట్రై చేసి ఉండరంతే. రెండో సెల్ ఆ బరువును ధరతో గుణిస్తుంది. మొత్తం 1,350 కిలోలు, అంటే 13.5 క్వింటాళ్లు. సొమ్ము 1,62,000 రూపాయలు.

ఖాళీ గోతం బరువు తీసేయలేదని అప్పుడు గుర్తొచ్చింది. మొదటి సెల్‌లోకి వెళ్లి టిక్కీకి ఒక కిలో తగ్గించేలా మార్చాడు. కానీ ఆ సెల్‌ను రన్ చేయడం మర్చిపోయాడు. నేరుగా రెండో సెల్ రన్ చేశాడు. జవాబు మళ్లీ 1,62,000. నిజానికి రావాల్సింది 1,320 కిలోలకు 1,58,400. తేడా 3,600 రూపాయలు.

స్క్రీన్ మీద చూస్తే గోతం బరువు తీసేసినట్టే ఉంది. ఫార్ములా కరెక్ట్. ఎర్రర్ రాలేదు. రిపోర్టు చదివేవాళ్లు కూడా కోడ్ చూసి సరేనంటారు. కానీ మెమరీలో ఉన్నది పాత నికరమే. ఎర్రర్ చూపించే కోడ్ నయం, కనీసం తప్పుందని చెబుతుంది. ఇది చెప్పదు.

రెండో రకం ఇంకా తమాషాగా ఉంటుంది. నికరం రాసిన సెల్ అవసరం లేదనిపించి డిలీట్ చేశాడనుకోండి. సెల్ పోయింది, పేరు పోలేదు! ఆ సెషన్ ఉన్నంతసేపూ రెండో సెల్ హాయిగా పనిచేస్తూనే ఉంటుంది. రాత్రి కరెక్ట్ ఆన్సర్ ఇలాగే వచ్చి ఉంటుంది. పొద్దున కొత్త సెషన్ మొదలయ్యేసరికి మెమరీ ఖాళీ. నికరం అంటే ఎవరో తెలియదంటూ 'నేమ్ ఎర్రర్' వస్తుంది. ఫ్రీ కొలాబ్ అయితే ఈ ముచ్చట ఇంకా త్వరగా తీరిపోతుంది. సెషన్ గరిష్ఠంగా 12 గంటలు, అది కూడా గ్యారంటీ లేదు. కాసేపు పట్టించుకోకుండా వదిలేసినా తెగిపోతుంది.

మూడోది, ఒకే సెల్‌ను రెండుసార్లు రన్ చేయడం. బరువులోంచి 1 తీసేసి మళ్లీ బరువు అనే పేరుకే ఇచ్చే లైన్ ఉందనుకోండి. ఒకసారి నొక్కితే 45 కాస్తా 44. పొరపాటున ఇంకోసారి నొక్కితే 43. ఒక్క నొక్కుడుకు 30 కిలోలు ఎగిరిపోయాయి. పై ధరలో అది కూడా 3,600 రూపాయలే. అదీ రైతు సొమ్ములోంచి.

పేరు, అడ్రస్, పాత లొకేషన్

లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే బ్రాడీపేట అడ్రస్‌లు గుర్తుచేసుకుంటే చాలు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఒక డాక్టర్ క్లినిక్ 4/14 నుంచి 5/7కు మారిందనుకుందాం. ఆ వీధిలో డాక్టర్ పేరు చెప్పి అడిగితే కొత్త చోటు చూపిస్తారు. కానీ ఫోన్‌లో పాత లొకేషన్ సేవ్ చేసుకున్నవాళ్లు నేరుగా పాత బిల్డింగ్ దగ్గరికే వెళ్తారు. బిల్డింగ్ అక్కడే ఉంది, కూల్చలేదు.

పైథాన్‌లో డెఫినిషన్ మారిస్తే జరిగేది ఇదే. ఒక ఫంక్షన్ లోపల నికరం అనే పేరు వాడితే, ఆ ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ 'ఇప్పుడు నికరం ఎక్కడుంది' అని వెతుక్కుంటుంది. కాబట్టి నికరాన్ని మళ్లీ డిఫైన్ చేసి రన్ చేస్తే, దాన్ని వాడే మిగతా ఫంక్షన్లకు కొత్తదే అందుతుంది. కానీ అంతకుముందే లెక్కగట్టి పెట్టుకున్న జవాబులు వాటంతట అవి మారవు. పాత నికరానికి వేరే పేరు పెట్టుకున్నవాళ్ల దగ్గర కూడా పాతదే ఉంటుంది. పాత లొకేషన్ బ్యాచ్ అన్నమాట.

వేరే ఫైల్ నుంచి ఇంపోర్ట్ చేసుకున్న కోడ్‌తో ఇది ఇంకా ముదురుతుంది. ఒక ఫైల్‌ను పైథాన్ ఒక సెషన్‌లో ఒక్కసారే లోడ్ చేస్తుంది. మీరు ఫైల్ మార్చి సేవ్ చేసి మళ్లీ ఇంపోర్ట్ అన్నా, 'అది నా దగ్గరుందిలే' అని పాతదే ఇస్తుంది. రీలోడ్ చేయమని ప్రత్యేకంగా చెప్పాలి. రీలోడ్ చేసినా, ఆ ఫైల్‌లోంచి ఒక ఫంక్షన్‌ను విడిగా పేరు పెట్టి తెచ్చుకుని ఉంటే ఆ పేరు పాతదాన్నే చూపిస్తుంటుంది.

అన్ని భాషలూ ఇలాగే ఉండవు. ఛార్లెస్ మూర్ తయారుచేసిన ఫోర్త్ భాషలో ఒక పేరును మళ్లీ డిఫైన్ చేస్తే, అంతకుముందు ఆ పేరును వాడి రాసినవన్నీ పాతదానికే కట్టుబడి ఉంటాయి. కొత్తగా రాసేవాటికి మాత్రమే కొత్తది. భాష మారితే రూల్ కూడా మారుతుంది, అందుకే ఒకదాంట్లో అలవాటైన చెయ్యి ఇంకోదాంట్లో బోల్తాపడుతుంది.

మన రాజ్‌రెడ్డి గురువు నుంచి మొదలు

ఈ తరహా ప్రోగ్రామింగ్‌కు మూలం లిస్ప్. 1958లో జాన్ మెకార్థీ దాని పని మొదలుపెట్టారు. తెలుగువాళ్లకు ఇక్కడో కనెక్షన్ ఉంది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, చెన్నై గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన రాజ్‌రెడ్డి 1966లో స్టాన్‌ఫోర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది ఈ మెకార్థీ దగ్గరే. 1994లో ట్యూరింగ్ అవార్డు కూడా అందుకున్నారు. కంప్యూటర్‌కు కార్డులు ఇచ్చి గంటల తరబడి ఎదురుచూసే రోజుల్లో, మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడినట్టు పనిచేయాలని పట్టుబట్టిన వాళ్లలో మెకార్థీ ఒకరు.

1964లో అమెరికా డార్ట్‌మత్ కాలేజీలో బేసిక్ వచ్చింది. 1984లో మన దేశంలో బడులకు కంప్యూటర్లు ఇచ్చిన క్లాస్ ప్రాజెక్టులో పిల్లలు బీబీసీ మైక్రో మీద నేర్చుకున్నది కూడా బేసిక్‌నే. ప్రతి లైన్‌కూ 10, 20, 30 అని నంబరు ఉండేది. 20వ లైన్ మళ్లీ టైప్ చేస్తే పాత 20 పోయి కొత్తది వచ్చేది. లిస్ట్ అని కొడితే మెమరీలో ఉన్న ప్రోగ్రామ్ మొత్తం వరుసగా కనిపించేది. కనిపించేదే నడిచేది, నడిచేదే కనిపించేది. ఆ నంబర్లను చూసి తర్వాతి తరం నవ్వుకుంది గానీ, ఈ ఒక్క విషయంలో ఇవాళ్టి నోట్‌బుక్ కంటే అదే నిజాయితీగా ఉండేది.

స్మాల్‌టాక్ వాళ్లు ఇంకో దారి పట్టారు. అందులో ప్రోగ్రామ్ మొత్తం 'ఇమేజ్' అనే ఒకే మూటగా ఉంటుంది. పక్కన 'ఛేంజెస్' అనే ఫైల్ ఒకటి. మీరు మార్చిన ప్రతి డెఫినిషన్ ఆ ఫైల్ చివర జమ అవుతూ పోతుంది. మధ్యలో కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయినా, ఆ ఫైల్ తెరిచి చేసిన మార్పులను ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోవచ్చు. కిరాణా కొట్టు చిట్టా లాంటిదే. కొట్టేసిన పద్దు కూడా అందులో కనిపిస్తుంది.

ఇక ఇంటరాక్టివ్ పద్ధతి గొప్పతనం చెప్పాలంటే 1999 నాటి డీప్ స్పేస్ 1 కథ చెప్పాల్సిందే. నాసా పంపిన ఆ స్పేస్‌క్రాఫ్ట్‌లో రిమోట్ ఏజెంట్ అనే ప్రోగ్రామ్‌ను లిస్ప్‌లో రాశారు. మే నెలలో ప్రయోగం మధ్యలో అది ఆగిపోయింది. భూమికి కోట్ల మైళ్ల దూరం! నడుస్తున్న లిస్ప్‌తో ఇక్కడి నుంచే మాట్లాడి, లోపల ఏముందో అడిగి తెలుసుకుని ఇంజినీర్లు తప్పు ఎక్కడుందో పట్టుకున్నారు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మధ్యలో ప్రశ్నించే వీలే అక్కడ కాపాడింది.

100లో 4 మాత్రమే!

దీని ఇంకో వైపు చూపించిన లెక్క 2019లో వచ్చింది. ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన దాదాపు 14 లక్షల జూపిటర్ నోట్‌బుక్‌లను బ్రెజిల్, అమెరికా పరిశోధకులు సేకరించారు. వాటిలో రన్ చేయడానికి వీలున్నవాటిని తీసి మళ్లీ నడిపించారు. ఎర్రర్ లేకుండా చివరిదాకా వెళ్లినవి 24 శాతం. మొదట వచ్చిన జవాబే మళ్లీ వచ్చినవి కేవలం 4 శాతం! కారణాలు చాలా ఉన్నాయి. అవసరమైన లైబ్రరీలు లేకపోవడం, డేటా ఫైల్స్ దొరక్కపోవడం లాంటివి. వాటితో పాటు వరుస తప్పి రన్ చేసిన సెల్స్, ఎక్కడా డిఫైన్ చేయని పేర్లు కూడా ఉన్నాయి.

అంతకు ఏడాది ముందే 2018 జూపిటర్‌కాన్‌లో జోయెల్ గ్రస్ 'నాకు నోట్‌బుక్‌లు నచ్చవు' అంటూ ప్రసంగించాడు. నోట్‌బుక్ అభిమానుల సభలోనే ఆ మాట అన్నాడు. ఆయన ప్రధాన ఫిర్యాదు కూడా ఇదే, కంటికి కనిపించని మెమరీ.

ఇదంతా స్టూడెంట్ల గొడవ అనుకోవద్దు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ కంపెనీ తన 8 సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాలనుకుంది. ఒక సర్వర్‌కు అది చేరలేదు. పాతకాలంలో ఒక పనికి వాడిన స్విచ్‌నే కొత్త పనికి వాడటంతో, ఆ ఒక్క సర్వర్‌లో ఎప్పుడో వదిలేసిన కోడ్ నిద్రలేచింది. సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అది నోట్‌బుక్ కథ కాదు, పెద్ద సర్వర్ల కథ. కానీ రోగం అదే. ఒకే గుర్తు, రెండు చోట్ల రెండు అర్థాలు.

మరి ఏం చేయాలి?

ముందు సెల్ పక్కన బ్రాకెట్‌లో కనిపించే నంబరు చూడండి. చాలామంది దాన్ని సెల్ నంబరు అనుకుంటారు. కాదు. ఆ సెషన్‌లో ఆ సెల్ ఏ వరుసలో రన్ అయిందో చెప్పే నంబరు అది. పైనుంచి కిందికి 1, 2, 3, 4 అని ఉంటే క్షేమం. 7, 3, 12, 5 అని ఉంటే మీ జవాబు ఏ దారిలో వచ్చిందో మీకే తెలియదని అర్థం. మధ్యలో నంబర్లు మాయమైతే, రన్ చేసి డిలీట్ చేసిన సెల్ ఏదో ఉండొచ్చు. లేదా అదే సెల్‌ను మళ్లీ రన్ చేసి ఉండొచ్చు.

మెమరీలో ఏమున్నాయో అడగడానికి కూడా దారులున్నాయి. మామూలు పైథాన్‌లో 'డిర్' అనే ఫంక్షన్ పేర్ల లిస్టు ఇస్తుంది. జూపిటర్, కొలాబ్‌లలో పర్సెంట్ గుర్తు పెట్టి 'హూ' అని కొడితే మీరు పెట్టిన పేర్లు మాత్రమే వస్తాయి. 'హూస్' అంటే రకం, విలువలతో సహా. 'హిస్టరీ' అంటే ఆ సెషన్‌లో మీరు రన్ చేసిన ప్రతి లైన్ వస్తుంది, డిలీట్ చేసిన సెల్స్‌తో సహా! రాత్రి పోగొట్టుకున్న నికరం ఇక్కడ దొరుకుతుంది, సెషన్ బతికి ఉంటే. సొంత ల్యాప్‌టాప్‌లో జూపిటర్ వాడితే ఈ హిస్టరీ డిస్క్ మీద డేటాబేస్‌లో దాచి ఉంటుంది కాబట్టి పాత సెషన్లవి కూడా వెతుక్కోవచ్చు. కొలాబ్‌లో అద్దెకిచ్చిన మెషిన్ పోతే దాంతో పాటే పోతుంది. అందుకే కొలాబ్ వాడేవాళ్లు వ్యూ మెనూలో రన్ అయిన కోడ్ హిస్టరీని, ఫైల్ మెనూలో రివిజన్ హిస్టరీని ఒకసారి తెరిచి చూసి ఉంచుకోవడం మంచిది.

ఒక ఫంక్షన్ పేరు చివర రెండు క్వశ్చన్ మార్కులు పెట్టి రన్ చేస్తే దాని కోడ్ కనిపిస్తుంది. సెల్‌లో రాసిన ఫంక్షన్ అయితే రన్ అయినప్పటి కోడే వస్తుంది. కాబట్టి స్క్రీన్ మీదున్న దాంతో పోల్చి చూసుకోవచ్చు. ఇక్కడో చిన్న మెలిక. వేరే ఫైల్ నుంచి ఇంపోర్ట్ చేసిన ఫంక్షన్ అయితే, డిస్క్ మీదున్న ఫైల్ చదివి చూపిస్తుంది. ఫైల్ మార్చి రీలోడ్ చేయకపోతే కొత్త కోడ్ చూపిస్తూ పాతది నడుపుతుంది. దాన్ని నమ్మితే మళ్లీ మొదటికే. ఫైల్ మారినప్పుడల్లా దానంతట అదే తెచ్చుకునే 'ఆటోరీలోడ్' అనే సదుపాయం ఉంది. చాలావరకు పనిచేస్తుంది, కానీ ఇలా రీలోడ్ చేయడం నమ్మకంగా జరిగే పని కాదని దాని డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది.

ఆర్ వాడేవాళ్లకు సమస్య తిరగబడి వస్తుంది. మూసేటప్పుడు 'వర్క్‌స్పేస్ సేవ్ చేయాలా' అని అడుగుతుంది. సరే అంటే మెమరీలోని పేర్లన్నీ ఫైల్‌లోకి వెళ్లి, రేపు తెరవగానే చడీచప్పుడు లేకుండా మళ్లీ వచ్చి కూర్చుంటాయి. పోయిన నెల రాసిన ఫంక్షన్ ఇవాళ్టి లెక్కలో చెయ్యి పెట్టినా తెలియదు. వద్దు అని చెప్పడమే మేలని అనుభవజ్ఞుల సలహా.

అన్నిటికంటే గట్టి పరీక్ష ఒకటే. రన్‌టైమ్ మెనూలోకి వెళ్లి సెషన్ రీస్టార్ట్ చేసి, అన్ని సెల్స్‌నూ పైనుంచి కిందికి రన్ చేయించే ఆప్షన్ నొక్కాలి. మెమరీ తుడిచిపెట్టి, పేజీ మీద ఉన్నదాంతోనే జవాబు వస్తుందో లేదో తేల్చేస్తుంది. ఫ్రెండ్‌కు పంపేముందు, సార్‌కు చూపించేముందు, రిపోర్టులో అంకె వేసేముందు ఇది చేయాలి. రన్ అవడానికి గంట పట్టే కోడ్ అయితే ఇది విసుగే. అప్పుడు బరువైన లెక్క ఫలితాన్ని ఫైల్‌లో సేవ్ చేసి, మిగతాది విడిగా పెట్టుకుంటారు. బాగా కుదిరిన ఫంక్షన్లను నోట్‌బుక్‌లోంచి తీసి మామూలు పైథాన్ ఫైల్‌లో పెట్టి, గిట్‌లో దాచుకుంటే ఏ రోజు ఏ లైన్ మారిందో తేదీతో సహా ఉంటుంది. నోట్‌బుక్‌నే నేరుగా గిట్‌లో పెడితే అంత సుఖంగా ఉండదు. కోడ్‌తో పాటు జవాబులు, బొమ్మలు కూడా ఆ ఫైల్‌లోనే ఉంటాయి కాబట్టి, ఒక లైన్ మారిస్తే వంద లైన్లు మారినట్టు చూపిస్తుంది.

సమస్యను మూలంలోనే తీసేయాలని చూసిన టూల్స్ కూడా వచ్చాయి. జూలియా భాష కోసం 2020లో వచ్చిన ప్లూటో, పైథాన్ కోసం వచ్చిన మారిమో అలాంటివే. వీటిలో ఏ సెల్ ఏ పేరు మీద ఆధారపడిందో టూలే చూసుకుంటుంది. నికరం మార్చి రన్ చేస్తే దాన్ని వాడే సెల్స్ వాటంతట అవే మళ్లీ రన్ అవుతాయి. సెల్ డిలీట్ చేస్తే పేరు కూడా మెమరీలోంచి పోతుంది, దాన్ని వాడే సెల్ అప్పటికప్పుడే ఎర్రర్ చూపిస్తుంది, పొద్దున సార్ ముందు కాదు. పైగా మారిమో నోట్‌బుక్ మామూలు పైథాన్ ఫైల్‌గా సేవ్ అవుతుంది, గిట్‌తో పేచీ ఉండదు. దీనికి బదులుగా ఒక షరతు ఉంది. ఒక పేరును రెండు సెల్స్‌లో డిఫైన్ చేయనివ్వవు. పాత నోట్‌బుక్ తెచ్చి ఇందులో పెట్టగానే ఎర్రర్లు వరుసకట్టేది ఎక్కువగా ఇందుకే. అవి చూసి భయపడి మానేసేవాళ్లూ ఉన్నారు. ఒకే పేరు ఎన్నిచోట్ల ఎన్ని అర్థాలతో వాడేశారో ఆ ఎర్రర్ల లిస్టులోనే ఉంటుంది.